వెయిట్ మైనస్‌లోకి దిగితే స్టర్మ్–లియువిల్ లెక్క ఏమవుతుంది?

నల్లగొండలో చదివినా పాలమూరులో చదివినా, ఎమ్మెస్సీ మ్యాథ్స్ చేసినవాళ్లకు స్టర్మ్–లియువిల్ ప్రాబ్లమ్ కొత్త కాదు. సమీకరణానికి ఎడమవైపు ఒక రెండో ఆర్డర్ అవకలన ఆపరేటర్, కుడివైపు లామ్డా × డబ్ల్యూ × వై. వై మనం వెతికే ఫంక్షన్, లామ్డా ఒక సంఖ్య, డబ్ల్యూను వెయిట్ ఫంక్షన్ అంటారు. అది అంతటా ధనాత్మకంగా ఉండాలన్న షరతు సిద్ధాంతం మొదటి లైనులోనే కనిపిస్తుంది. చాలామంది దాన్ని చదివి ముందుకు పోతారు. ఆ షరతు తీసేస్తే, అంటే డబ్ల్యూ కొంతమేర ప్లస్‌లోనూ కొంతమేర మైనస్‌లోనూ ఉంటే, చాప్టర్‌లో ఏది నిలుస్తుంది, ఏది పోతుంది? మొత్తం కూలిపోతుందని అనిపించడం సహజమే. కానీ గుర్తు మారినంత మాత్రాన పెద్దగా ఏమీ చెడదు. చెడేది రెండు చోట్లే, అదీ వేర్వేరు కారణాలతో.

షార్ల్ స్టర్మ్, జోసెఫ్ లియువిల్ 1836–37 ప్రాంతంలో ఈ సిద్ధాంతానికి పునాది వేసినప్పుడు వాళ్ల ముందున్నవి తీగ కంపనాలు, కడ్డీలో వేడి పాకడం లాంటి సమస్యలు. తీగ విషయంలో డబ్ల్యూ అంటే దాని సాంద్రత. సాంద్రత మైనస్ కాదు కాబట్టి షరతు మీద ఎవరికీ పేచీ లేదు. ఫలితాలు కూడా ముచ్చటైనవి. లామ్డాకు ఏ విలువలిస్తే చివరల షరతులకు లోబడి సున్నా కాని సాధన దొరుకుతుందో అవి ఐగెన్ విలువలు, ఆ సాధనలు ఐగెన్ ఫంక్షన్లు. ఐగెన్ విలువలన్నీ వాస్తవ సంఖ్యలు. వాటిలో అతిచిన్నది ఒకటుంటుంది, మిగిలినవి ప్లస్ అనంతం వైపు పోతాయి. మొదటి ఐగెన్ ఫంక్షన్ లోపలెక్కడా సున్నా కాదు, రెండోది ఒకసారి, మూడోది రెండుసార్లు అవుతుంది. ఒకదానికొకటి లంబంగా ఉంటాయి, అంటే రెంటి లబ్ధాన్ని డబ్ల్యూతో గుణించి సమాకలనం చేస్తే సున్నా వస్తుంది. ఏ ఫంక్షన్‌నైనా వాటి శ్రేణిగా రాయొచ్చు.

వెయిట్ గుర్తు మార్చే అతి సులువైన ఉదాహరణ తీసుకుందాం. మైనస్ 1 నుంచి ప్లస్ 1 వరకు ఒక అంతరం, రెండు చివర్లా వై సున్నా. సున్నాకు కుడివైపు డబ్ల్యూ ప్లస్ 1, ఎడమవైపు మైనస్ 1. సమీకరణం: మైనస్ వై డబుల్ డాష్ = లామ్డా × డబ్ల్యూ × వై. లామ్డా ధనాత్మకం అనుకుని దాని వర్గమూలాన్ని మ్యూ అందాం. కుడి సగంలో సాధన సైన్ రూపంలో ఊగుతుంది, ఎడమ సగంలో హైపర్బోలిక్ సైన్ రూపంలో ఉంటుంది, ఊగదు. మధ్యలో వై, దాని అవకలని రెండూ అతుక్కోవాలి. ఆ అతుకు దగ్గర తేలేది: టాన్ మ్యూ = మైనస్ హైపర్బోలిక్ టాన్ మ్యూ. దీని మొదటి మూలాలు 2.365, 5.498, 8.639. వర్గం చేస్తే ఐగెన్ విలువలు సుమారు 5.59, 30.23, 74.64. కుడి ఎడమలు తారుమారు చేస్తే లామ్డా గుర్తు తిరగబడుతుంది కాబట్టి మైనస్ 5.59, మైనస్ 30.23, మైనస్ 74.64 కూడా ఐగెన్ విలువలే. (రెండు చివర్లా బిగించిన బీమ్ కంపనాల పట్టికలో 4.730 అన్న అంకె సివిల్, మెకానికల్ వాళ్లకు తెలిసే ఉంటుంది. దానిలో సగమే ఈ 2.365. అక్కడా ఇదే సమీకరణం వస్తుంది.)

ఇక్కడ మారింది ఏమిటి? అతిచిన్న ఐగెన్ విలువ అనేది పోయింది, వరస రెండు దిక్కులకూ సాగింది. కానీ ప్రతి విలువా వాస్తవమే. కారణం ఒక్క లైనులో చెప్పొచ్చు. సమీకరణాన్ని వై సంయుగ్మంతో గుణించి సమాకలనం చేస్తే, ఎడమవైపు వై డాష్ మాపం (మాడ్యులస్) వర్గం తాలూకు మొత్తం వస్తుంది, అది కచ్చితంగా ధనాత్మకం. కుడివైపు లామ్డా, దాన్ని గుణిస్తూ వెయిట్‌తో కలిపి తీసిన ఒక వాస్తవ సంఖ్య. ఎడమవైపు సున్నా కాదు కాబట్టి ఆ సంఖ్యా సున్నా కాదు, లామ్డా వాస్తవం కాక తప్పదు. ఈ వాదనలో వెయిట్ గుర్తుతో పనే పడలేదు. ఎడమవైపు వచ్చే ఆ మొత్తం, దాన్నే శక్తి అంటారు, ధనాత్మకమైతే చాలు. అందుకే ఈ రకాన్ని లెఫ్ట్ డెఫినిట్ కేసు అంటారు.

ఇంకో చిన్న విషయం, కానీ చూడదగ్గది. 5.59కి చెందిన ఐగెన్ ఫంక్షన్ అంతరం లోపల ఎక్కడా సున్నా కాదు, మొత్తం ధనాత్మకం. మైనస్ 5.59కి చెందినదీ అంతే, అది దీని అద్దంలో బొమ్మ. అంటే మొత్తం ధనాత్మకంగా ఉండే ఐగెన్ ఫంక్షన్లు రెండున్నాయి, పైగా అవి వెయిట్ లెక్కన ఒకదానికొకటి లంబంగా ఉన్నాయి. డబ్ల్యూ ధనాత్మకమైతే ఇది అసాధ్యం. రెండు ధనాత్మక ఫంక్షన్ల లబ్ధాన్ని ధనాత్మక వెయిట్‌తో కూడితే సున్నా ఎక్కడి నుంచి వస్తుంది? ఇక్కడ ఎడమ సగం మైనస్, కుడి సగం ప్లస్‌ను సరిగ్గా కొట్టేస్తుంది.

సాంద్రత మైనస్ కాని లోకంలో ఇదంతా ఎందుకంటే, వెయిట్ సాంద్రతే కానక్కర్లేదు. జీవజాతుల లెక్కలో అది స్థానిక పెరుగుదల రేటు. అచ్చంపేట వైపు పత్తి, పల్లి చేలు. మన్ననూరు దాటితే నల్లమల, అమ్రాబాద్ టైగర్ రిజర్వ్, 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా. ఒక దుప్పుల జాతి ఈ రెండు రకాల నేల మీదా తిరుగుతుందనుకుందాం. అడవిలో పుట్టేవి ఎక్కువ, చావులు తక్కువ, కాబట్టి రేటు ప్లస్. చేల వైపు కుక్కలు, కరెంటు తీగలు, రోడ్లు, కాబట్టి రేటు మైనస్. జంతువులు ఇటూ అటూ కొంత వేగంతో వ్యాపిస్తుంటాయి. జాతి నిలుస్తుందా, ఆగిపోతుందా అన్న ప్రశ్నకు జవాబు ఇచ్చేది గుర్తు మారే వెయిట్ ఉన్న ఐగెన్ సమస్యలోని ఒకే ఒక్క సంఖ్య: ధనాత్మక ఐగెన్ ఫంక్షన్ గల ధనాత్మక ఐగెన్ విలువ. దీన్ని ప్రధాన ఐగెన్ విలువ అంటారు. పీటర్ హెస్, టోసియో కాటో 1980లో ఇలాంటి సమస్యల్లో దాని ఉనికిని గట్టిగా నిలబెట్టారు. రాబర్ట్ స్టీఫెన్ కాంట్రెల్, క్రిస్ కాస్నర్ 1989 నుంచి దాన్ని చెదిరిన ఆవాసాల లెక్కలకు వాడారు. వ్యాప్తి గుణకం ఆ ఐగెన్ విలువ విలోమం కంటే తక్కువైతే జాతి నిలుస్తుంది, ఎక్కువైతే పోతుంది. అంటే ఐగెన్ విలువ ఎంత చిన్నదైతే జాతికి అంత మంచిది.

అంకెలతో చూస్తే ఇది తేటగా కనిపిస్తుంది. నిడివి 1 ఉన్న నేలపట్టీ, రెండు చివర్లా మూసేసి ఉంది, జంతువు బయటికి పోదు. మూడో వంతు అడవి, రేటు ప్లస్ 1. మిగిలిన రెండు వంతులు చేలు, రేటు మైనస్ 1. మొత్తం కూడితే మైనస్సే. అడవి మొత్తం ఒక చివర ఉందనుకుంటే లెక్క టాన్ జెడ్ = హైపర్బోలిక్ టాన్ 2 జెడ్ దగ్గరికి వస్తుంది. జెడ్ సుమారు 0.732, దాని నుంచి ప్రధాన ఐగెన్ విలువ 4.82. వ్యాప్తి గుణకం 0.207 దాకా జాతి తట్టుకుంటుంది. ఇప్పుడు అదే అడవిని, ఒక్క గజం కూడా తగ్గించకుండా, రెండు సమాన ముక్కలు చేసి చెరో చివర పెడదాం. పట్టీ నడుమ దగ్గర సౌష్టవం ఉంది కాబట్టి సగం పట్టీనే చూస్తే చాలు. అది మొదటి సమస్యకే సగం సైజు నమూనా. నిడివి సగమైతే ఐగెన్ విలువ నాలుగింతలు: 19.3. తట్టుకునే వ్యాప్తి 0.052కి పడిపోయింది. విస్తీర్ణం తగ్గలేదు, నేల నాణ్యత తగ్గలేదు, అమరిక ఒక్కటే మారింది. ఫలితం నాలుగో వంతు.

అడవిని ముక్కలు చేయకుండా పట్టీ నడిమికి జరిపినా సరిగ్గా అదే 19.3 వస్తుంది. నడిమి అడవి రెండు వైపులా చేలలోకి జంతువుల్ని పోగొట్టుకుంటుంది, చివరన ఉన్నది ఒకవైపే పోగొట్టుకుంటుంది. మూసిన చివరలుండి, రేటుకు ఇలా పై హద్దూ కింది హద్దూ, మొత్తమూ ఖరారై ఉన్నప్పుడు ఒక్క ముక్కగా చివరన ఉంచడమే అన్నిటికంటే మేలని యువాన్ లూ, ఎయిజీ యనగిడా 2006లో ఒక డైమెన్షన్‌కు రుజువు చేశారు. చివరలు మూసి లేకుండా, దాటిన జంతువు చావే అన్న షరతు పెడితే మాత్రం కథ తిరగబడుతుంది, నడిమే మేలు. కాబట్టి ఈ లెక్కను అటవీ శాఖ మ్యాప్ మీద నేరుగా పరచడం తొందరపాటు. జంతువు గుడ్డిగా వ్యాపించదు, కృష్ణ ఒడ్డు గణితపు మూసిన చివర లాంటిది కాదు. అయినా ఒక మాట దబాయించి అడగొచ్చు. పోయిన అడవిని ఎకరాల్లో మాత్రమే కొలిచి అంతే విస్తీర్ణం ఇంకోచోట మొక్కలు నాటామంటే, ఈ సమీకరణం ప్రకారం నష్టం పూడినట్టు కాదు.

ఇక మొదటి చిక్కు దగ్గరికి వద్దాం. ఇంతవరకు ఎడమవైపు ఆపరేటర్ ధనాత్మకంగా ఉంది. దానికి క్యూ × వై అనే పదం కలిపి (ఈ క్యూను పొటెన్షియల్ అంటారు), ఆ క్యూ తగినంత రుణాత్మకమైతే ఆ రక్షణ పోతుంది. మొదటి ఉదాహరణలోనే క్యూ స్థానంలో మైనస్ సి అనే స్థిరాంకం పెడదాం. సమీకరణం: మైనస్ వై డబుల్ డాష్ మైనస్ సి వై = లామ్డా × డబ్ల్యూ × వై. సి సున్నా అయినప్పుడు నడిమి రెండు ఐగెన్ విలువలు ప్లస్ 5.59, మైనస్ 5.59. సి పెంచుతూ పోతే అవి ఒకదాని వైపు ఒకటి జరుగుతాయి. సి 2కి చేరేసరికి ప్లస్ 2.2, మైనస్ 2.2. సి సరిగ్గా పై (π) వర్గంలో నాలుగో వంతు, అంటే 2.467 అయినప్పుడు రెండూ సున్నా దగ్గర ఢీకొంటాయి. ఆ తర్వాత వాస్తవ రేఖ మీద అవి కనిపించవు. సి 3 అయ్యేసరికి ప్లస్ 2.22 ఐ, మైనస్ 2.22 ఐ. పూర్తిగా కల్పిత సంఖ్యలు. ఢీకొన్నవి లంబకోణంలో తిరిగి, ఒకటి పైకి ఒకటి కిందికి పోయాయి.

ఈ 2.467 ఎక్కడిది? వెయిట్‌ను పక్కనపెట్టి, మైనస్ వై డబుల్ డాష్ ఆపరేటర్‌నొక్కదాన్నే అదే అంతరం మీద చూస్తే దాని మొదటి ఐగెన్ విలువ అదే. సి దాన్ని దాటిందంటే ఎడమవైపు శక్తి రుణాత్మకం కాగలదని అర్థం. ఇందాకటి ఒక్క లైను వాదన మళ్లీ చేస్తే, లామ్డా వాస్తవం కాకపోవాలంటే ఎడమవైపు శక్తీ కుడివైపు వెయిట్ మొత్తమూ రెండూ ఒకేసారి సున్నా కావాలి. ప్లస్ 2.22 ఐకి చెందిన ఫంక్షన్ మాపాన్ని గీసి చూస్తే ఎడమ కుడి సగాలు సమానం, వెయిట్‌తో కూడితే నిజంగానే సున్నా. అంటే ఆ ఫంక్షన్ సున్నా కాకపోయినా వెయిట్ లెక్కన దాని "పొడవు" సున్నా. లంబ విస్తరణలో గుణకం కట్టాలంటే పొడవు వర్గంతో భాగించాలి. ఇక్కడ భాగించడానికి ఏమీ లేదు. పాఠ్యపుస్తకపు ఫార్ములా ఆగిపోయే చోటు ఇది.

గుర్తు పెట్టుకోవలసింది నష్టానికి హద్దు ఉందని. ఇలాంటి రెగ్యులర్ సమస్యల్లో, అంటే అంతరం పరిమితంగా ఉండి గుణకాలు మర్యాదగా ఉన్నచోట, వాస్తవం కాని ఐగెన్ విలువల జతలు, వెయిట్ స్థానంలో దాని మాపాన్ని పెట్టి లెక్కిస్తే వచ్చే రుణాత్మక ఐగెన్ విలువల సంఖ్యను దాటవు. సి 3 అయినప్పుడు అలాంటిది ఒకటే ఉంది (2.467 మైనస్ 3), కాబట్టి సంకీర్ణ జత ఒకటికి మించదు. మిగిలిన అనంతమైన ఐగెన్ విలువలు వాస్తవ రేఖ మీదే ఉంటాయి. జర్మనీలో ఒట్టో హౌప్ట్, అమెరికాలో రోలండ్ రిచర్డ్‌సన్ 1910ల్లోనే ఈ దారిలో చాలా దూరం పోయారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఆ పేపర్లను పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఏంజెలో మింగరెల్లి 1980ల్లో వాటిని మళ్లీ బయటికి తీసి సమీక్ష రాశాక గానీ విషయం అందరి నోళ్లలో పడలేదు.

ఈ మధ్యలో సరైన వేదిక ఇంకో వైపు నుంచి తయారైంది. లెవ్ పాంట్రియాగిన్ 1944లో, పొడవు వర్గం మైనస్ కూడా కాగల స్థలాల్లో, అయితే మైనస్ దిక్కులు పరిమిత సంఖ్యలోనే ఉన్నప్పుడు, ఆపరేటర్ల సిద్ధాంతం రాశాడు. దానికి ప్రేరణ సెర్గీ సోబొలెవ్ దగ్గరి సమస్య: లోపల ద్రవం నిండిన బొంగరం తిరిగితే నిలుస్తుందా, ఒరిగిపోతుందా? యుద్ధకాలపు పని కాబట్టి సోబొలెవ్ పేపర్ 1960 దాకా అచ్చు కాలేదు, సమాధానం మాత్రం ముందే అచ్చయింది. ప్లస్, మైనస్ దిక్కులు రెండూ అనంతంగా ఉండే స్థలాలకు మార్క్ క్రెయిన్ పేరు స్థిరపడింది. గుర్తు మారే వెయిట్‌కు సహజమైన ఇల్లు క్రెయిన్ స్థలమే. హైన్జ్ లాంగర్ 1960ల నుంచి ఆ స్థలాల్లో వర్ణపట సిద్ధాంతాన్ని (ఐగెన్ విలువల సిద్ధాంతాన్ని) ఎలా నడపాలో చూపాడు.

రెండో చిక్కు ఇంత తొందరగా కంటబడదు. ఐగెన్ విలువలన్నీ వాస్తవమే అయినా అది ఉండొచ్చు. ఎలక్ట్రాన్ల పుంజం ఒక పలుచని రేకులోకి పోయి చెదిరే తీరుకు వాల్టర్ బోథే 1929లో ఒక సమీకరణం ఇచ్చాడు. అందులో మ్యూ అంటే (ఇది ఇందాకటి వర్గమూలం కాదు) ఎలక్ట్రాన్ దిశకూ రేకు లోతుకూ మధ్య కోణపు కోసైన్. ముందుకు పోయేవాటికి ప్లస్, వెనక్కి వచ్చేవాటికి మైనస్. సమీకరణంలో వెయిట్‌గా కూర్చునేది ఈ మ్యూనే. రేకు ముందు ముఖం దగ్గర మనకు తెలిసేది లోపలికి పోయేవాటి సంఖ్య, అంటే మ్యూ ప్లస్ అయిన సగం. వెనక ముఖం దగ్గర మ్యూ మైనస్ అయిన సగం. బయటికి ఎన్ని వస్తాయన్నది లెక్క తేల్చాలి, ముందే చెప్పలేం. అందుకని సగం అంతరం మీద ఇచ్చిన సమాచారాన్ని సగం ఐగెన్ ఫంక్షన్లతో, ధనాత్మక ఐగెన్ విలువలవాటితో మాత్రమే, రాయగలగాలి. దీన్నే హాఫ్ రేంజ్ కంప్లీట్‌నెస్ అంటారు. రిచర్డ్ బీల్స్ 1970ల చివర్లో ఎలక్ట్రాన్ చెదురు సమీకరణానికీ, 1985లో సాధారణ స్టర్మ్–లియువిల్ సమస్యలకూ దీన్ని సాధించాడు. ఆయన పెట్టుకున్న షరతు వెయిట్ సున్నాను దాటే చోట ఎక్స్ తాలూకు ఏదో ఒక ఘాతంలా (ఎక్స్, ఎక్స్ ఘనం లాగా) నడవాలని.

ఆ షరతు రుజువు సౌకర్యం కోసం పెట్టిందా, నిజంగా కావాలా అన్నది పదేళ్లకు పైగా తేలలేదు. హాన్స్ ఫోల్క్‌మర్ 1996లో షరతు ఏదీ లేకుండా కుదరదని, చెడ్డ వెయిట్లు ఉన్నాయని చూపాడు. ఆండ్రియాస్ ఫ్లైగె అలాంటివాటిని విడిగా కట్టి చూపించాడు. సున్నాకు రెండు వైపులా అద్దంలో బొమ్మలా ఉండి గుర్తు మాత్రం మారే వెయిట్లకు ఎ. ఐ. పర్ఫెనోవ్ 2003లో తుది కొలమానం ఇచ్చాడు. దాన్ని మాటల్లో చెప్పడం కష్టమేమీ కాదు. సున్నా నుంచి ఎప్సిలాన్ అనే చిన్న ధన సంఖ్య దాకా వెయిట్ మొత్తం తీసుకోండి. ఎప్సిలాన్‌ను ఒక స్థిర భిన్నంతో కుదిస్తే ఆ మొత్తం కనీసం సగానికి పడిపోవాలి, ఎంత చిన్న ఎప్సిలాన్‌కైనా అదే భిన్నం పనిచేయాలి. వెయిట్ ఎక్స్ ఘాతంలా నడిస్తే ఇది ఇట్టే నెరవేరుతుంది, బోథే సమీకరణంలోని మ్యూ అలాంటిదే. కానీ సున్నా నుంచి ఎప్సిలాన్ దాకా మొత్తం, ఎప్సిలాన్ విలోమపు లాగరిథమ్‌కు విలోమంలా ఉంటే? ఎప్సిలాన్‌ను పదో వంతు చేయండి, వెయ్యో వంతు చేయండి, లాగరిథమ్‌కు ఒక స్థిరాంకం కలుస్తుందంతే. ఎప్సిలాన్ మరీ చిన్నదైతే ఆ తేడా లెక్కలోకే రాదు, మొత్తం దాదాపు అలాగే ఉంటుంది, సగం కాదు. వెయిట్ అంతా సున్నాకు అంటుకుని కూర్చున్నట్టు. అలాంటి వెయిట్ దగ్గర ఐగెన్ విలువలన్నీ వాస్తవమే, శక్తి ధనాత్మకమే, అయినా వెయిట్ మాపంతో కొలిస్తే ఐగెన్ ఫంక్షన్లు రీస్ బేసిస్ (ఏ ఫంక్షన్‌నైనా నమ్మకంగా శ్రేణిగా రాయడానికి పనికొచ్చే పునాది) కావు. ధనాత్మక ఐగెన్ విలువల ఫంక్షన్లూ రుణాత్మకవాటి ఫంక్షన్లూ దాదాపు ఒకే దిక్కు పట్టి, వాటి మధ్య కోణం సున్నాకు జారిపోతుంది.

మొదటి చిక్కుకు కారణం క్యూ, అది అంతరం మొత్తానికీ చెందిన విషయం. రెండోదానికి కారణం వెయిట్ గుర్తు మారే బిందువు, ఆ పక్కనే ఉన్న అతి సన్నని నేల. ఒకదాన్ని సరిచేసినా రెండోది అలాగే ఉండగలదు. ఈ రెంటినీ కలిపి "వెయిట్ ఇండెఫినిట్ అయితే (గుర్తు మారితే) ఏదో తేడా వస్తుంది" అని సర్దేసే పుస్తకాలు చదివేవాళ్లకు మేలు చేయవు.

అంతరం అనంతమైతే పరిమిత నష్టం అన్న ధీమా కూడా సడలుతుంది. వాస్తవ రేఖ మొత్తం మీద, సున్నా దగ్గర గుర్తు మారే వెయిట్‌తో, క్యూ స్థానంలో మైనస్ గామా బై (1 ప్లస్ ఎక్స్ మాపం) పెడితే (గామా ఒక ధన స్థిరాంకం), వెయిట్ స్థానంలో దాని మాపం పెట్టి చూసిన ఆపరేటర్‌కు రుణాత్మక ఐగెన్ విలువలు అనంతంగా ఉంటాయి. కాబట్టి జతల లెక్కకు హద్దు ఉండదు. మైఖేల్ లెవిటిన్, మార్చెల్లో సెరి 2016లో సరిగ్గా ఈ ఆపరేటర్ సంకీర్ణ ఐగెన్ విలువలు సున్నా చుట్టూ ఎలా పోగవుతాయో, ఏ వక్రాల పక్కన వరసకడతాయో లెక్కగట్టారు.